శెనక్కాయ ఒలిచే మిషన్ నుంచి సైకిల్ గుంటక దాకా: ఆడవాళ్ల కోసమని అమ్మే మెట్ట పనిముట్ల అసలు పనితనం

నిలబడి ఊపే వేరుశనగ ఒలుపు మిషన్ అమ్మే ప్రతి చోటా ముందు వినిపించేది ఒకే అంకె: గంటకు 50 నుంచి 60 కిలోల కాయలు. అంకెలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది పిడి ఊపే ఒక్క మనిషి లెక్క. పక్కన చేటలతో కూర్చుని పొట్టు చెరిగి, ఒలవకుండా మిగిలిన కాయలు ఏరి, బద్దలు వేరుచేసే ముగ్గురు ఆడవాళ్ల గంటలు అందులో కలవవు. అవీ కలిపి చూసినప్పుడే ఏ పనిముట్టు కొనదగ్గదో, ఏది ప్రదర్శనలో నిలబెట్టడానికి మాత్రమే పనికొస్తుందో తేలుతుంది. అనంతపురం, సత్యసాయి, కర్నూలు జిల్లాల ఎర్రనేలల్లో, పాలమూరు మెట్టల్లో వానను నమ్ముకుని వేరుశనగ, కంది, కొర్ర వేసే ఇళ్ల అవసరంతో ఈ పనిముట్లను చూస్తున్నాం. ఎక్కువ చోటు ఒలుపు మిషన్‌కే ఇస్తున్నాం, మెట్టలో ఆడవాళ్ల ఒళ్లు ఎక్కువ హూనమయ్యేది ఆ పని దగ్గరే కాబట్టి.

ముందు చేతి ఒలుపు లెక్క. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు అంటే ఎకరానికి 1,33,000 మొక్కలకు పైమాటే. కదిరి-6 లాంటి రకంలో వంద గింజలు 40 గ్రాముల దాకా తూగుతాయి. మొలవనివి, పురుగు తినేవి కలుపుకుంటే ఎకరానికి 60 కిలోల గింజ కావాలి. అందుకు 90 కిలోల కాయలు ఒలవాలి, అంటే 30 కిలోల విత్తన సంచులు మూడు. బొటనవేలితో నొక్కి ఒలిస్తే గంటకు కిలో, మహా అయితే కిలోన్నర గింజ వస్తుంది. ఎకరం విత్తనానికి ఒక మనిషికి వారం. ఐదెకరాలైతే నెల దాటుతుంది. ముందే ఒలిచి పెట్టుకుందామా అంటే గింజ రూపంలో నిల్వ ఉంచిన విత్తనం మొలక శక్తి త్వరగా పడిపోతుంది. వాన పడ్డాక ఒలుద్దామంటే నేల పదును, అంటే విత్తడానికి తగిన తడి, ఆరిపోతుంది. మే చివరి నుంచి జూలై దాకా ఈ ఇరకాటం ఇంట్లో ఆడవాళ్ల నెత్తినే ఉంటుంది. రోజంతా ఒలిచాక గోరు కింద పగిలిన చేత్తోనే రాత్రి వంట చెయ్యాలి. అందుకే ఈ మిషన్‌ను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

కట్టుబడి చూస్తే చాలా సులువైన యంత్రం. అడుగున అర్ధచంద్రాకారపు తొట్టి, దాని కింద పొడుగు సందుల జల్లెడ. పైన ఇరుసు నుంచి వేలాడే కడ్డీకి పోత ఇనుప పళ్ల దిమ్మలు మూడో నాలుగో ఉంటాయి. పిడి ముందుకూ వెనక్కీ ఊపితే దిమ్మలు కాయను జల్లెడకేసి రాస్తాయి. పొట్టు చిట్లి, గింజా పొట్టూ కలిసి కింద రాలతాయి. ఒక దఫాకు 2 కిలోల లోపే పొయ్యాలి. తొట్టి నిండా పోస్తే పని తొందరగా అవుతుందనుకుంటారు గానీ అయ్యేది వేరు: పిడి బరువెక్కుతుంది, అడుగు కాయలు నలిగి గింజ బద్దలవుతుంది, పైవి చెక్కు చెదరకుండా ఉంటాయి.

గింజ విరగడమా, మిగలడమా అనేది దిమ్మకూ జల్లెడకూ మధ్య ఉన్న ఎడం మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఎడం కాయ లావుకన్నా కొంచెం తక్కువగా, గింజ లావుకన్నా ఎక్కువగా ఉండాలి. దిమ్మలు బిగించిన బోల్టులు వదులు చేసి దీన్ని మార్చుకోవచ్చు. జల్లెడ సరైనదో కాదో చూడాలంటే ఆ ఇంట్లో వేసే రకం గింజల్లో లావైనవి పది ఏరి సందుల్లో వెయ్యండి, పట్టకుండా జారాలి. సన్న కాయలు పది వెయ్యండి, ఒకటీ అరా మించి జారకూడదు. తర్వాత రెండు కిలోలు ఒలిచి, వచ్చిన గింజల్లో వంద లెక్కపెట్టండి. బద్దలు, పొర ఊడినవి కలిపి 5 దాటితే ఎడం సరిచెయ్యాలి, లేదా జల్లెడ మార్చాలి. మిషన్‌తో పాటు ఒకటే జల్లెడ ఇచ్చి, ఏ రకానికైనా ఇదే చాలని చెప్పే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

బద్ద సరే, మొలవదు, చూస్తేనే తెలుస్తుంది. పొర చిట్లిన గింజతోనే చిక్కు. వేరుశనగ గింజలో మొలక కొనన, పలుచని ఎర్ర పొర కిందే ఉంటుంది. పొర చీలితే నేలలోని బూజు సందు చూసుకుని దూరుతుంది. మొలక వచ్చినట్టే వచ్చి, మొదలుకుళ్లుతో రెండు వారాల్లో వాలిపోతుంది. తిట్లు విత్తనం ఇచ్చినవాళ్లకు పడతాయి, తప్పు ఒలుపులో జరిగి ఉంటుంది. ఒలిచిన ప్రతి లాట్ నుంచి వంద గింజలు తడి గోనెలో చుట్టి చూసుకోవాలి. ధ్రువీకరణ విత్తనానికి పెట్టిన కనీస మొలక 70 శాతం. 70కి తగ్గిన లాట్ సాలులో వెయ్యొద్దు.

ఎండాకాలపు కాయ గాజులా పెళుసుబారి ఉంటుంది. నేరుగా మిషన్‌లో పోస్తే గింజ విరగడం ఎక్కువ. 50 కిలోల కాయలకు 2 లీటర్ల నీళ్లు చిలకరించి, రాత్రంతా పట్టా కప్పి, పొద్దున గంటసేపు ఆరబెట్టి ఒలిస్తే విరగడం బాగా తగ్గుతుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. చిలకరించడం వేరు, నానబెట్టడం వేరు. కిలో లెక్కన కూలికి ఒలిచే చోట వేళ్లకు తేలికవుతుందని కాయను నానేసి ఒలవడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటే. ఆ తడి గింజ బస్తాలో పడితే పసుపుపచ్చ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. విషమెక్కిన ఏరివేత గింజ చివరికి చేరేది ఇంటి వంటగదికో, కోళ్ల గంపకో. చిలకరించి ఒలిచిన విత్తనాన్ని రెండు మూడు రోజుల్లో వేసెయ్యాలి, దాచకూడదు.

ఇక పిడి ఎత్తు. మన దేశంలో సేద్యం పనులు చేసే ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, బరువు 46 కిలోల దగ్గర. మగవాళ్ల ఎత్తు 163 దాకా ఉంటుంది. మోచేతి ఎత్తు మనిషి ఎత్తులో ఇంచుమించు 63 శాతం కాబట్టి ఇద్దరి మోచేతులకూ తేడా 7 సెంటీమీటర్లు. అంటే నాలుగు వేళ్ల వెడల్పు. చూడ్డానికి ఏమంత తేడా అనిపించదు. మోచేయి ఎత్తులో ఉన్న పిడిని తోసేటప్పుడు ఒంటి బరువు పనిచేస్తుంది. నాలుగు వేళ్లు పైకి పోయిందా, భుజం ఎత్తి పట్టి తొయ్యాలి, అరగంటలో మెడ నరం పట్టేస్తుంది. దాని మీద మిషన్ కాళ్ల కింద కదలకుండా రాళ్లు పేర్చారంటే పిడి ఇంకో జానెడు లేస్తుంది. దీనికి దారి సులువే: మిషన్ నేల మీదే ఉంచి కాళ్లకు మేకులు దిగ్గొట్టాలి. అప్పటికీ ఎత్తయితే నిలబడే చోట గట్టి చెక్క వెయ్యాలి. కాళ్లు కోయించొద్దు, కింద గిన్నె పట్టే చోటు పోతుంది. పిడి కర్ర లావు 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటే ఆడవాళ్ల పిడికిలికి సరిపోతుంది. లేత్ షాపుల్లో చేతికందిన ఒకటిన్నర అంగుళం పైపు వేసేస్తారు, వేళ్లు చుట్టూ అందవు.

కూర్చుని ఊపే రకం కూడా ఉంది, గంటకు 30 కిలోల ప్రాంతంలో ఒలుస్తుంది. అంకె చూసి చాలామంది దాన్ని పక్కన పెడతారు. మా మాట అడిగితే చిన్న కమతం ఇంటికి అదే నయం. నీడన, అరుగు మీద, ఒక్క మనిషి నడుపుకోవచ్చు. నిలబడే మిషన్‌లో ఆదా అయ్యే ఆ గంట ఎలాగూ చెరగడం దగ్గరే ఆగిపోతుంది. 90 కిలోల కాయలు నిలబడే మిషన్‌లో తొట్టి నింపడం, మధ్యలో ఆగడం కలుపుకుని రెండున్నర గంటల్లో అయిపోతాయనుకోండి, చెరగడానికీ ఏరడానికీ మూడింతల పైన పడుతుంది. మొత్తం పది గంటలు. చేతి ఒలుపుతో పోలిస్తే నాలుగో వంతుకు దిగినట్టే, అది కొట్టిపారేసే లాభం కాదు. కానీ గంటకు 60 కిలోలన్న మాట నమ్మి ఒక్క పూటకు మిషన్ అద్దెకు తెచ్చుకుంటే చీకటి పడేసరికి పొట్టూ గింజా కలిసిన కుప్ప మిగులుతుంది. గాలి ఫ్యాను ఉన్న రకం దొరికితే కొంత ఎక్కువైనా పెట్టొచ్చు. మోటారు మిషన్లు చాలా వేగం. అయితే నూనె మిల్లు కోసం బిగించిన మోటారు మిషన్‌లో విత్తనం ఒలిపిస్తే విరిగిన గింజ చూసి ఏడవాల్సి వస్తుంది.

ఇద్దరు కలిసి, 15 నిమిషాలకొకసారి పిడి మార్చుకుంటూ నడపాలి. ఎవరికి ఎంత భారమవుతోందో చూడ్డానికి యంత్రాలక్కర్లేదు. పని ఆపగానే మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 110 దాటితే ఆ పని ఆ మనిషికి ఆ వేగంతో ఎక్కువసేపు సాగదు. పరిశోధన కేంద్రాల్లో ఆడవాళ్ల పనిభారం చూసేటప్పుడు గుండె వేగాన్నే కొలుస్తారు. చిక్కెక్కడంటే పరీక్ష తీరులో. పావుగంట ఊపించి గంటకు గుణిస్తే వచ్చే అంకె ఒకటి, పొద్దున ఇంటిపని ముగించుకుని వచ్చిన మనిషి చేత రెండు గంటలు ఏకబిగిన ఊపిస్తే వచ్చేది ఇంకొకటి. కొత్త పనిముట్టు పరీక్షించేవాళ్లు 145 నుంచి 158 సెంటీమీటర్ల ఎత్తు దాకా, పాతికేళ్ల వాళ్లూ యాభై దాటిన వాళ్లూ కలిసేలా కనీసం పదిమందితో రెండు గంటలు చేయించాలి. చెరిగేవాళ్ల, మోసేవాళ్ల, నీళ్లు తెచ్చేవాళ్ల గంటలు విడిగా రాయాలి. సగటు ఒక్కటే వేస్తే పొట్టివాళ్ల ఇబ్బంది అందులో మునిగిపోతుంది.

భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ, భువనేశ్వర్‌లో 1996లో మొదలైన వ్యవసాయ మహిళల పరిశోధన సంస్థ ఈ కొలతల మీద చాలా పని చేశాయి. మొక్కజొన్న ఒలిచే గొట్టం, రంపపు పళ్ల కొడవలి, కాయలు దులిపే చట్రం వంటివన్నీ ఆ దారిలో వచ్చినవే. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యానికే పెట్టిన క్రిడా (CRIDA) అనే కేంద్ర పరిశోధన సంస్థ 1985 నుంచి ఉంది, పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి. జ్ఞానానికి లోటు లేదు. కొలత కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, వెల్డింగ్ షాపులో పైపు కోసే చోట తప్పుతుంది.

ఒలుపు కూలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పొలం లేని ముసలివాళ్లకు, పొలానికి వెళ్లలేని బాలింతలకు ఎండాకాలంలో కూర్చున్నచోట దొరికే కూలి ఈ ఒలుపే. పొట్టు వాళ్ల పొయ్యిలోకి పోయేది. మిషన్ పెద్ద రైతు కొట్టంలోకి వస్తే పిడి దగ్గరకు మగకూలి చేరతాడు, ఈ ఆడవాళ్లకు కూలీ లేదు, పొట్టూ లేదు. అదే మిషన్ పొదుపు సంఘం కొని, బస్తాకు ఇంత అని ఒలిచి ఇస్తే ఆ డబ్బు ఆ ఇళ్లలోనే తిరుగుతుంది. యంత్రం ఒకటే, ఎవరి గుమ్మం ముందుందనే దాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది. పథకం రాసేవాళ్లు ఎన్ని మిషన్లు పంచామో రాస్తారు. ఎవరి ఇంట్లో ఉన్నాయో రాసే గడి ఫారంలో ఉండదు.

సాళ్ల మధ్య కలుపు తీసే చక్రాల గుంటకకు వద్దాం. ఊళ్లలో సైకిల్ గుంటక అంటారు, పాత సైకిల్ చక్రంతో చేసినవే ఎక్కువ కాబట్టి. ఎకరంలో 30 సెంటీమీటర్ల సాళ్లన్నీ చివరికి చివర కలిపితే 13 కిలోమీటర్ల పైన అవుతుంది. అంత దూరం తోస్తూ లాగుతూ నడవాలి. గంటకు కిలోమీటరు చొప్పున వేసుకున్నా రెండు రోజుల పని. వంగి కూర్చుని కొడవలితో తవ్వడంతో పోలిస్తే నడుముకు హాయే. సాలులో మొక్కల మధ్య కలుపు మాత్రం ఇది తియ్యదు, దానికి చెయ్యి పడాల్సిందే. గుంటక వస్తే కలుపు కూలి అక్కర్లేదని ఎవరైనా చెబితే వాళ్లు మొక్కల మధ్య చూడలేదన్నమాట.

కొనేటప్పుడు మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి, పలక వెడల్పు: 30 సెంటీమీటర్ల సాలుకు 15 చాలు, 20 పెడితే అటూ ఇటూ అయిదేసి సెంటీమీటర్లే మిగులుతాయి, చెయ్యి కొంచెం వణికితే మొక్క తెగుతుంది. రెండు, పలక వాలు. మరీ నిటారుగా ఉంటే నేలలోకి దిగిపోతుంది, ప్రతి అడుగుకూ ఎత్తి తియ్యాలి. మరీ పరుచుకుంటే పైపైన జారుతుంది. వాలు మార్చుకునే రంధ్రాలు లేని గుంటక కొనకూడదు. మూడు, పిడి. ఎత్తు మార్చుకునేలా పైపుకు మూడు నాలుగు బెజ్జాలుండాలి, 90 నుంచి 105 సెంటీమీటర్ల దాకా. ఇద్దరు ముగ్గురు చేతులు మారే పనిముట్టు కదా. బరువు కూడా ఎత్తి చూడండి. ఒంటి చక్రంది 6, 7 కిలోల్లో ఉంటే గట్టు దాటించడం తేలిక. రెండు చక్రాలది 12 కిలోల దాకా పోతుంది, తిన్నగా నడుస్తుంది గానీ ప్రతి సాలు చివరా ఎత్తి తిప్పాలి. 60 మీటర్ల సాళ్లయితే ఎకరానికి రెండు వందల ఇరవై సార్లు పైగా ఎత్తడం.

పని చేసే రోజు ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. మన ఎర్రనేల వాన వెలిశాక మూడు రోజుల్లో పైన పెళ్ల కడుతుంది. ఆ పెళ్ల మీద గుంటక గీతలు గీస్తుందే తప్ప దిగదు, తోసేవాళ్ల గుండె అదురుతుంది. పదును ఉండగానే, ఆ మూడు రోజులు నిండకముందే తొయ్యాలి. నల్లరేగడిలో అదే రోజు తోస్తే బురద పలకకు అంటి ముద్దవుతుంది. కలుపు రెండు మూడు ఆకుల మీదుండగా, విత్తిన 20, 25 రోజులకు మొదటిసారి తోస్తే గుంటక మంచిదంటారు. నలభై రోజుల దాకా ఆగి, గరిక, తుంగ దట్టమయ్యాక తోస్తే పనికిరాదంటారు. పైగా 45 రోజులు దాటాక కాయ కట్టే ఊడలు నేలలోకి దిగుతాయి, అప్పుడు వేరుశనగలో నేల కదపకూడదు. మగవాడు ఎద్దుల గుంటకతో రెండు గంటల్లో అయిపోయే పని కదా అని ఆగుతాడు, ఎద్దులు వేరే చేలో ఉంటాయి. ఆ ఆగిన వారం తర్వాత కలుపు మొత్తం ఆడవాళ్ల చేతి మీదికే వస్తుంది. చేతి గుంటక అసలు మేలు ఇదే: ఎవరి కోసమూ కాచుకోనక్కర్లేదు.

సాళ్ల తేడా కూడా గమనించాలి. వెనకటికి విత్తే గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో, అంటే దానికి అమర్చిన గింజల గిన్నెలో, గింజలు వదిలే ఆడవాళ్లు ఏడు సాళ్లు వేరుశనగకు ఒక సాలు కంది చొప్పున అంతరపంట సాళ్లు (వీటినే ‘అక్కడి సాళ్లు’ అంటారు) పోసేవాళ్లు. ట్రాక్టర్ గొర్రు వచ్చాక ఆ పని పోయింది. కందికి విడి పెట్టె లేని గొర్రు తెచ్చారంటే ఇంటి పప్పు కూడా పోయినట్టే. అద్దెకు గొర్రు పిలిచేటప్పుడు ధర కంటే ముందు కంది పెట్టె ఉందా అని అడగమని ఆడవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

స్ప్రేయర్ దగ్గర మా మాట కఠినంగానే ఉంటుంది. 16 లీటర్ల ట్యాంకు, మందునీళ్లతో కలిపి 20 కిలోలు. 46 కిలోల మనిషి వీపున అది 40 శాతం దాటిన బరువు. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండు, పదమూడు ట్యాంకులు. ఆ నీళ్లు బోరు నుంచో తొట్టి నుంచో బిందెలతో తెచ్చేది ఎవరు? 15 లీటర్ల బిందె లెక్కన పద్నాలుగు బిందెలు. పంపు కొట్టేవాడి కూలి ఒక లెక్క, నీళ్లు మోసే మనిషి ఇంటి మనిషే కాబట్టి ఆ లెక్క ఎవరూ వెయ్యరు. ఆడవాళ్లే కొట్టేట్టయితే 16 లీటర్లది అసలు కొనొద్దు. 10 లేదా 12 లీటర్లది, వెడల్పు పట్టీలు, నడుముకు బెల్టు ఉన్నది చూడండి. బ్యాటరీది నయమే గానీ బ్యాటరీ బరువు కలిపి తూయించుకోండి. ఎక్కువ పాడయ్యేది మూత కింది రబ్బరు వాషరు. అది వదులైతే వంగినప్పుడల్లా మందు వీపు మీద కారుతుంది. పది రూపాయల వాషరు మార్చనందుకు చర్మం బొబ్బలెక్కిన వీపులు ఊరికొకటైనా కనిపిస్తాయి.

విత్తనశుద్ధి సంగతీ అంతే. కిలో గింజకు మాంకోజెబ్ 3 గ్రాములో, టెబుకొనజోల్ 1 గ్రామో పట్టించాలని శిక్షణలో మగవాళ్లకు చెబుతారు. ఇంట్లో గిన్నెలోనో చేటలోనో ఉత్త చేత్తో కలిపేది ఆడవాళ్లు. తిప్పే డ్రమ్ము ఉంటే పని సగం తప్పుతుంది. డ్రమ్ము సగానికి మించి నింపకుండా నెమ్మదిగా ఓ పాతిక చుట్లు తిప్పితే చాలు, గబగబా తిప్పితే ఒలుపులో బతికిన పొర ఇక్కడ ఊడుతుంది. డ్రమ్ము లేకపోతే మందమైన పాలిథిన్ సంచిలో పోసి మూతి కట్టి ఇద్దరు అటూ ఇటూ దొర్లించొచ్చు. గ్లవుజులు మిషన్‌తో పాటే రావాలి, ఆడవాళ్ల చేతికి సరిపోయే చిన్న సైజువి. పెద్ద సైజు గ్లవుజు గింజను పట్టనివ్వదు, అందుకే తీసి పక్కన పడేస్తారు. మందు పట్టిన గింజ మిగిలితే వంటింటి వైపు పోనివ్వకూడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీను.

కాయలు దులిపే చట్రం బాగుంది. చుట్టూ నలుగురు కూర్చుని, మొక్క గుప్పెట్లో పట్టి ఊడల వైపు దువ్వెన పళ్లకేసి కొట్టి లాగితే కాయలు చట్రంలో రాలతాయి. కాయ తీశాక మిగిలే మొక్క కట్టె చెడదు, పశువుల మేతకు నిలుస్తుంది. పెరికిన వెంటనే, కాయ పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ గట్టిగా ఉంటుంది, లాగడానికి బలం కావాలి. రెండు రోజులు కుప్పలో వాడ్చి దులపడం మేలు. పళ్ల కొనలు గుండ్రంగా సానబట్టి ఉన్నాయా చూసుకోవాలి, పదునుంటే కాయకు గాట్లు పడి బూజుకు దారి. బుట్ట లెక్కన కూలి ఇచ్చే చోట చట్రం వచ్చాక బుట్ట రేటు తగ్గించే పేచీ వస్తుంది. చట్రం పెట్టకముందే రేటు మాట్లాడుకోవాలి.

రంపపు పళ్ల కొడవలికి వంక పెట్టడానికేం లేదు. తేలిక, సాన అక్కర్లేదు, కొర్ర కోతకు మేలు. జొన్న చొప్ప లావు కాండానికి మాత్రం పాత కొడవలే.

ఇన్ని పనిముట్లూ ఒక్క ఇల్లే కొననక్కర్లేదు. ఒలుపు మిషన్, చట్రం, డ్రమ్ము ఏడాదిలో పది పదిహేను రోజుల పనివి. అద్దె కేంద్రం అక్కరకొచ్చేది వీటికే. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం కోసం 2011లో మొదలైన నిక్రా (NICRA) అనే జాతీయ కార్యక్రమం కింద వాతావరణ చిక్కులున్న ఊళ్లలో ఇలాంటి కేంద్రాలు పెట్టారు, తర్వాత ఇతర పథకాల్లోనూ వచ్చాయి. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, సన్నచిన్నకారు రైతులకు యంత్రాల మీద 50 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా రాయితీ ఉంది. కాగితం మీద మంచి వెసులుబాటే. దరఖాస్తుకు పాసుబుక్కు అడుగుతారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు ఆడవాళ్ల పేరున ఉన్నవి దాదాపు 14 శాతమే. భూమి లేని కౌలు ఆడమనిషికి ఆ యాభై శాతం అందదు, పాసుబుక్కు ఉన్న భార్య పేరున ట్రాక్టర్ రోటవేటర్ వస్తుంది. సంఘం పేరున దరఖాస్తు చేస్తే పాసుబుక్కు చిక్కు చాలావరకు తప్పుతుంది, ఒలుపు మిషన్ లాంటివి ఆ దారినే తెచ్చుకోవడం తేలిక.

కేంద్రం నడిపే తీరులో చూడాల్సినవి చిన్నవే. బుకింగ్ ఫోన్‌లోనే అయితే ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో వాళ్లకే మిషన్. వారంలో ఒకరోజైనా నేరుగా వచ్చి పేరు రాయించుకునే వీలుండాలి, అదీ ఉదయం పదకొండుకు కాదు, కూలి నుంచి తిరిగొచ్చే సాయంత్రం. వాన పడిన మర్నాడు పెద్ద కమతాలకే వరస పోతుంటే, ఎకరం రెండెకరాల వాళ్లకు మిషన్ చేరేసరికి పదును ఉండదు. ఒక్కొక్కరికి ఒక పూట అని కట్టడి పెడితే వరస కదులుతుంది. మిషన్ బరువు ఎంతో బోర్డు మీద రాయాలి, ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి తోపుడుబండి మీద పెట్టలేని మిషన్ ఊరి చివరి వాడకు పోదు.

రిజిస్టర్‌లో తీసుకెళ్లినవారి పేరుతో పాటు నడిపినవారి పేరు, నడిపిన గంటలు, చెరిగిన గంటలు రాయించాలి. ఒలుపు మిషన్‌తో రెండు జల్లెడలు, 13 నంబరు స్పానరు, విడి బోల్టులు నాలుగు, గ్రీజు డబ్బా ఒక సంచిలో కట్టి ఇవ్వాలి. ఆ స్పానరు చాలాసార్లు కేంద్రం నడిపేవాడి బైకు డిక్కీలో ఉంటుంది, మిషన్ ఊళ్లో ఉంటుంది. ఎడం వదులైనా బిగించుకునే దారి లేక, విరిగిన గింజనే ఏరుకుంటూ కూర్చుంటారు. తిరిగొచ్చినప్పుడు మొదట చూడాల్సింది జల్లెడ నడుమ భాగం, దిమ్మ రాసుకుని అక్కడ సందులు వెడల్పవుతాయి. వేలికి అంచు పదునుగా తగిలితే ఆ జల్లెడ తిండికాయకు పెట్టుకోవచ్చు, విత్తనానికి కొత్తది వెయ్యాలి.